మైనస్ ముప్పై ఒకటి

మొదటి రోజు ఒంగోలు గోవాలో తేలింది.
జోన్ నలభై నాలుగుకి బదులు నలభై మూడు కొట్టాడెవడో.
గుండ్లకమ్మ పోయి పోయి
అక్కడి జీడితోటల్లో పారుతోంది.
నవ్వుకుని సరిచేశాను.
ఊళ్లన్నీ బుద్ధిగా తూర్పుకి జరిగి
వేటి చోట అవి కూర్చున్నాయి.

రెండో రోజు కొండలకి నీడలు వేయబోతే
తెరంతా తారు పూసినట్టు నలుపు.
అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో.
గజంబద్దతో పాలు కొలిచినట్టు.
దానికీ మందుంది, వేశాను.

మూడో రోజు రెండు పలకల అతుకు.
అద్దంకి పక్కనుంచి టంగుటూరు పక్కదాకా
కుట్టు విడిన చీరలా నిట్టనిలువు గీత.
గీతకి ఇటు ఒక చేను,
అటు అదే చేను మూడు మీటర్లు పల్లంలో.
రైతుకి తెలిస్తే ఆ సాయంత్రమే లాయరు దగ్గరుండేవాడు.

నాలుగో రోజు చీమకుర్తి.
చుట్టూ తొంభై, ఎనభై ఏడు, తొంభై రెండు,
మధ్యలో
మైనస్ ముప్పై ఒకటి.

డేటా లేని గడిలో ఏముంటుందో నాకు తెలుసు,
మైనస్ ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది,
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
ఇది అది కాదు.
ఇది నమ్మబుద్ధేసే అంకె.
కానీ సముద్రానికి పది కోసుల ఇవతల
సముద్రం కన్నా పల్లం ఎక్కడిది?

వాగు ఆ గడిదాకా వచ్చి ఆగిపోతోంది.
ఆగిన వాగుతో వరద మ్యాపు రాదు.
డి.ఈ. గారికి సోమవారం పొద్దునకల్లా కావాలి.
గుంటలు పూడ్చే బొత్తాం ఒకటుంది.
నొక్కాను.
ఏడు సెకన్లు.
వాగు నీలం దారంలా సాగి
సాఫీగా చెరువులో పడింది.
అంత ముద్దొచ్చే వాగుని అంతకుముందు గీయలేదు.

కొలతలు సరిచూద్దామని శనివారం వెళ్లాను.
చేతిలో జీపీఎస్, ముందు మాల్యాద్రి,
క్వారీ కాపలాదారు, ఎడమ చేతికి మూడే వేళ్లు.
"మేడమ్, ఆడ్నే ఆగండి."
తెరమీద నా ముందున్నది చదును నేల.
కాళ్ల ముందు
నేల లేదు.

మెట్లుమెట్లుగా కోసిన నలుపు.
అడుగున పాచిరంగు నీళ్లు,
నీళ్ల పక్కన అగ్గిపెట్టెంత లారీ.
మా మాటలు కిందికి దిగి
తీరిగ్గా తిరిగొచ్చాయి.

"ఈడ కొండుండేది."
చెయ్యెత్తి గాల్లో ఒక చోటు చూపించాడు,
కాస్త ఎడమకి జరిపి, మళ్లీ,
"అదిగో, ఆడిదాకా ఎక్కేయి మా మేకలు."
"మరి వాగు?"
"ఏ వాగు?"
బీడీ సగం అయ్యాక గుర్తొచ్చింది.
"ఓ, అదా. ఇందులోనే పడుద్ది.
వానలప్పుడు రెండు మోటార్లెట్టి తోడతారు."

రాత్రి ఇన్వర్టర్ కూస్తుండగా
పాతికేళ్ల కిందటి ఎత్తుల ఫైలు వెతికి తీశాను.
అదే గడి. నూట పన్నెండు.
అందులోంచి మైనస్ ముప్పై ఒకటి తీసేయాలి.
మైనస్సూ మైనస్సూ కలిస్తే ప్లస్సు,
కొండపి బళ్లో లెక్కల మాస్టారు
బెత్తంతో నేర్పింది.
నూట నలభై మూడు.
మూడుసార్లు చేసినా అంతే.

పూడ్చిన ఫైలు చెరిపేశాను.
వాగు మళ్లీ గొయ్యి అంచున తెగిపోయింది.
వివరాల గడిలో రాశాను:
ఇది లోపం కాదు. దయచేసి పూడ్చవద్దు.

సోమవారం డి.ఈ. గారు కళ్లజోడు పైకి నెట్టి
"వాగేంటమ్మా సగంలో ఆగింది?" అన్నారు.
కుర్రాడు టీ తెచ్చాడు.
"అక్కడ పెట్టుకో" అని
ఫైళ్లు జరిపి బల్లమీద చోటు చూపించారు.
నల్లరాతి బల్ల.
లోపల చుక్కలు మిణుకుమంటున్నాయి.
గ్లాసు కాలుతున్నా
చేత్తోనే పట్టుకుని నిలబడ్డాను,
ఎక్కణ్ణుంచి చెప్పుకు రావాలో తెలీక.